ధర అడిగే ముందు చదవండి
ప్రాచీన యూదు నాణేలు కొత్తగా సేకరించేవారికి తొలి పాఠం

యెరూషలేము యాత్రకు వెళ్లివచ్చినవారు తెచ్చే కానుకల్లో ఒలీవ చెక్క సిలువ, యొర్దాను నీళ్ల సీసాతో పాటు ఒక్కోసారి ఒక చిన్న అట్టముక్క కూడా ఉంటుంది. దానికి అంటించిన ప్లాస్టిక్ కవరులో నల్లటి కంచు బిళ్ల, కింద ‘విధవరాలి కాసు’ అని ఇంగ్లిషులో అచ్చు. ఇలాంటిది ఇంట్లో ఉంటే పిల్లలు దాన్ని బడికి తేకుండా ఉండరు. తెచ్చి రెండే ప్రశ్నలు అడుగుతారు. ఇది అసలుదేనా? ఎంత చేస్తుంది?

పెద్దలూ అడిగేది ఈ రెండే. పరిశుద్ధ గ్రంథంలో విన్న నాణెం చేతిలోకి వచ్చిందనే సంతోషంలో కొందరు వేలకు వేలు పెట్టి కొంటారు. ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు పంపేవారూ ఉన్నారు. కానీ ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలంటే ముందు మూడో ప్రశ్న వేసుకోవాలి. దానిమీద ఏం రాసి ఉంది?

నాణెం కూడా ఒక పుస్తకమే. చదవగలిగితే దాని వయసు, ఊరు, విలువ చాలావరకు అదే చెబుతుంది. చదవలేకపోతే అమ్మేవాడు చెప్పిందే వేదం.

తాతలనాటి లిపి

మనం ప్రాచీన యూదు నాణేలు అనుకునేవి స్థూలంగా క్రీ.పూ. నాలుగో శతాబ్దం నుంచి క్రీ.శ. 135 దాకా యూదయ ప్రాంతంలో వెలువడినవి. ఆ అయిదు శతాబ్దాల్లో ఆ చిన్న దేశాన్ని పర్షియన్లు, గ్రీకులు, రోమన్లు ఏలారు. మధ్యలో కొంతకాలం సొంత రాజులూ ఉన్నారు. ఊళ్లలో అరమాయిక్ మాట్లాడేవారు. పెద్ద వర్తకం, ప్రభుత్వ వ్యవహారం ఎక్కువగా గ్రీకులో నడిచేది. రోజువారీ రాతలోకి ఈనాటి హీబ్రూ పుస్తకాల్లో కనిపించే చదరపు అక్షరాలు వచ్చేశాయి.

అయినా సొంత నాణెం కొట్టే అవకాశం వచ్చినప్పుడు ఆ ప్రజలు వాడుకలోని చదరపు అక్షరాలను పక్కన పెట్టారు. వందల ఏళ్ల కిందటి పూర్వీకుల లిపిని తీసి నాణెం మీద ముద్రించారు. దాన్నే పాత హీబ్రూ లిపి అంటారు. బజారులో ఆ అక్షరాలు చదవగలిగినవారు ఎందరో చెప్పలేం. కానీ వాటిని చూడగానే ‘ఇది మాది’ అనిపించేది. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ పలకల మధ్య పిల్లల చేత ‘అ ఆ’లు దిద్దిస్తున్న మనకు ఆ పట్టుదల కొత్తగా చెప్పనక్కర్లేదు.

సేకరణ మొదలుపెట్టేవారికి ఈ లిపే మొదటి తాళంచెవి. ఉన్నవి 22 అక్షరాలే, కుడి నుంచి ఎడమకు చదవాలి. వాటి పట్టిక ఒకటి ముందు పెట్టుకుంటే హైస్కూలు పిల్లవాడు వారం రోజుల్లో గుర్తుపట్టగలడు.

నాలుగు మెట్లు

నాణెం ఏ కాలానిదో తేల్చడానికి నాలుగు మెట్లు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది పర్షియా ఏలుబడి. అప్పటివి చిట్టి వెండి నాణేలు. చాలావాటి బరువు గ్రాము కూడా ఉండదు. ఏథెన్స్ నాణేన్ని చూసి చేసిన గుడ్లగూబ, లిల్లీ పువ్వు, డేగ వంటి బొమ్మల పక్కన ‘యెహూద్’ అన్న పేరు మూడక్షరాల్లో ఉంటుంది. ఆ రాష్ట్రం పేరు అదే.

రెండోది హస్మోనియన్ రాజుల కాలం. వీటిలో ఎక్కువగా దొరికేది అలెగ్జాండర్ జన్నాయస్ (క్రీ.పూ. 104–76) వేయించిన కంచు నాణెం. దీన్ని ప్రూటా అంటారు. బరువు రెండు గ్రాముల లోపు, అటూఇటూ. అంటే మన రూపాయి బిళ్లలో సగం. ఒకవైపు లంగరు, దాని చుట్టూ గ్రీకులో ‘అలెగ్జాండర్ రాజుది’ అని. రెండోవైపు ఎనిమిది కిరణాల నక్షత్రం, కిరణాల మధ్య పాత హీబ్రూలో ‘యెహోనాతాను రాజు’ అని. రెండూ ఒకే మనిషి పేర్లు. ఇంటివారికి ఒక లిపి, బయటివారికి ఇంకో లిపి. ఇదే రాజు ఇంకా చిన్న నాణేల మీద అరమాయిక్ కూడా వాడాడు. హస్మోనియన్ల చివరి రాజు మత్తతీయ అంతిగోను (క్రీ.పూ. 40–37) కంచు నాణెం ఒకదానిపై ఏడు కొమ్మల దీపస్తంభం ఉంటుంది. అది చాలా అరుదు.

మూడోది హేరోదు వంశం, రోమన్ అధికారుల కాలం. హేరోదు రాజు నాణేలపై హీబ్రూ కనిపించదు, అంతా గ్రీకే. మొదటి అగ్రిప్ప నాణెం మనవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఒకవైపు అంచుకు కుచ్చులు వేలాడే రాజఛత్రం, రెండోవైపు మూడు బార్లీ కంకులు. పొంతి పిలాతు కాలపు నాణేలు క్రీ.శ. 29 నుంచి 31 మధ్య వచ్చాయి. వాటిపై రోమన్ పూజారులు వాడే గరిటె, వంపు కర్ర వంటి బొమ్మలు ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాటిమీద పిలాతు పేరు ఉండదు. తిబెరి చక్రవర్తి పేరు, ఆయన పాలనలో ఎన్నో ఏడో ఉంటాయి. ‘పిలాతు పేరు చెక్కిన నాణెం’ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే ఆగాలి.

నాలుగోది రోమ్ మీద రెండు తిరుగుబాట్లు. మొదటిది క్రీ.శ. 66లో మొదలైంది. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసింది. ఆ అయిదేళ్లలో తిరుగుబాటుదారులు సుమారు 14 గ్రాముల వెండి షెకెల్, 7 గ్రాముల అర షెకెల్ కొట్టారు. ఒకవైపు పానపాత్ర, ‘ఇశ్రాయేలు షెకెల్’ అన్న మాటలు, రెండోవైపు ఒకే కొమ్మకు మూడు దానిమ్మ మొగ్గలు, ‘పరిశుద్ధ యెరూషలేము’ అన్న మాటలు. పాత్ర పైన అక్షరమే ఏడాది. మొదటి ఏడాదికి ‘ఆలెఫ్’ ఒక్కటే. రెండో ఏడాది నుంచి ‘సంవత్సరం’ అన్న మాటకు గుర్తుగా ‘షిన్’ అక్షరం తోడయింది. అది ఇంగ్లిషు డబ్ల్యూలా ఉంటుంది. మొదటి ఏడాది పాత్ర అంచు నున్నగా, తర్వాతి ఏళ్లలో పూసల వరుసలా ఉంటుంది. యెరూషలేము పేరు స్పెల్లింగు కూడా మొదటి ఏడాది పొట్టిగా ఉండి, తర్వాత పూర్తిగా రాశారు.

రెండో తిరుగుబాటు క్రీ.శ. 132–135 మధ్య బార్ కోఖ్బా నాయకత్వంలో జరిగింది. వీరు కొత్త లోహం కరిగించలేదు. రోమన్ నాణేల మీదే తమ ముద్ర కొట్టారు. చక్రవర్తి ముఖం మీద ద్రాక్షగుత్తి, వీణలాంటి వాద్యం, రెండు బాకాలు, కూలిపోయిన దేవాలయపు ముఖద్వారం వంటి బొమ్మలు వచ్చాయి. భూతద్దంతో చూస్తే కొన్నింటిలో ద్రాక్షగుత్తి అడుగున చక్రవర్తి ముక్కో, లాటిన్ అక్షరమో తొంగిచూస్తుంది. కొత్తవారు దాన్ని లోపం అనుకుంటారు. నిజానికి అది అసలుతనానికి మంచి సాక్ష్యం.

నకిలీని పట్టడం

నకిలీల కథ నేటిది కాదు. జర్మనీలోని గోర్లిట్జ్ పట్టణం పేరుతో పిలిచే ‘షెకెళ్లు’ 16వ శతాబ్దం నుంచే యాత్రికుల చేతుల్లోకి వెళ్లాయి. వాటి పాత్రలోంచి పొగ లేస్తుంటుంది, వెనక గుబురు ఆకుల కొమ్మ ఉంటుంది. వాటిని పట్టివ్వడానికి ఒక్క సంగతి చాలు. వాటిపై ఉన్నవి చదరపు హీబ్రూ అక్షరాలు. అసలు షెకెల్‌పై ఉండేది పాత లిపి. రెండు వేల ఏళ్ల నాటిదంటూ అమ్మే షెకెల్‌పై ఈనాటి పుస్తకాల్లోని అక్షరాలు కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు.

మిగతా పరీక్షలకు పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా చాలు. నాటి నాణేలను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే గీతలు పదునుగా ఉంటాయి, ముద్ర తరచూ పక్కకు జరిగి ఉంటుంది. నకిలీలు చాలావరకు పోత పోసినవి. వాటిపై సూదిమొనంత బుడగ గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, సబ్బు అరిగినట్టు మెత్తబడిన అక్షరాలు కనిపిస్తాయి. ఒకే గీత, ఒకే గుంట ఉన్న నాణేలు రెండు చోట్ల కనిపిస్తే రెండూ ఒకే పోత అచ్చులోంచి వచ్చాయని అనుమానించాలి.

అంచు విషయంలో హడావుడి పడకూడదు. హస్మోనియన్ కంచు బిళ్లలను సుద్దరాతి అచ్చుల్లో గొలుసులా పోసి, ముద్ర కొట్టి, ఆపై విడగొట్టేవారు. కాబట్టి రెండు పక్కల కోసినట్టు ఉండటం వాటికి సహజం. గుండ్రంగా, నున్నగా, అక్షరాలన్నీ పొల్లుపోకుండా ఉన్న ‘విధవరాలి కాసు’నే ఎక్కువ అనుమానించాలి.

ఆ పేరు గురించీ ఒక మాట. సువార్తలోని పేద విధవరాలు కానుక పెట్టెలో వేసిన కాసులు ఫలానా రకానివేనని ఎవరూ తేల్చలేరు. జన్నాయస్ నాణేలు వందేళ్ల తర్వాత కూడా చెలామణిలో ఉన్నాయి. అతి తక్కువ విలువ గల కంచు బిళ్లలు అవే. అందుకే వ్యాపారులు వాటికి ఆ పేరు పెట్టారు. పిల్లలకు ‘అలాంటి కాసు’ అని చెప్పవచ్చు, ‘ఆ కాసే’ అని చెప్పకూడదు.

విలువ ఎలా కడతారు?

పాతదైతే చాలు ఖరీదైనదే అనుకోవడం మొదటి పొరపాటు. జన్నాయస్ కంచు నాణేలు లెక్కలేనన్ని దొరికాయి. అసలువే అయినా సాధారణ స్థితిలో ఉన్నవి కొన్ని పదుల డాలర్లకే వస్తాయి. తిరుగుబాటు కాలపు వెండి షెకెల్ వేల డాలర్లు పలుకుతుంది. 2012లో న్యూయార్క్‌లో జరిగిన ఒక వేలంలో మొదటి ఏడాది షెకెల్ అరుదైన నమూనా ఒకటి పది లక్షల డాలర్లు దాటింది.

ఇంత తేడాకు కారణాలు అయిదు. ఏ రకం, ఎన్ని దొరికాయి, ఏ స్థితిలో ఉంది, ఎందరు కోరుకుంటున్నారు, ఎక్కడి నుంచి వచ్చింది.

షెకెల్‌నే చూడండి. రెండు, మూడు ఏళ్లవి ఎక్కువగా దొరుకుతాయి. అయిదో ఏడాదివి కొట్టిన కొద్ది నెలలకే నగరం కూలిపోయింది. కాబట్టి అవి బహు కొద్ది. బొమ్మ ఒకటే, వెండి ఒకటే, బరువూ ఒకటే. ఒక్క అక్షరం ధరను ఎన్నో రెట్లు పెంచుతుంది. అమ్మేవాడికి ఆ అక్షరం తెలుసు. కొనేవాడికీ తెలియాలి కదా. ఇక పిలాతు కాలపు నాణెం అంత అరుదు కాకపోయినా, కోరేవారు ఎక్కువ గనుక అదే స్థితిలోని జన్నాయస్ నాణెం కంటే ఖరీదు.

స్థితి అంటే మెరుపు కాదు. అక్షరాలు ఎన్ని కనిపిస్తున్నాయి, ముద్ర మధ్యలో పడిందా, లోహం తినేసి ఉందా అన్నవి చూస్తారు. కంచుపై పట్టిన గట్టి చిలుము దానికి రక్ష. ఇత్తడి బిందెలా చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమితే రెండు వేల ఏళ్ల చర్మం ఒక్క నిమిషంలో పోతుంది, విలువా దానితోపాటే పోతుంది. పొడిపొడిగా రాలే లేతాకుపచ్చ మచ్చ కనిపిస్తే మాత్రం అది లోహానికి పట్టిన రోగం. మిగతా నాణేల నుంచి వేరుచేసి, తడి తగలకుండా ఉంచి, తెలిసినవారికి చూపించాలి. మట్టి రంగు పూసి ‘ఎడారి చిలుము’ అని నమ్మించేవారూ ఉన్నారు. తడిగుడ్డకు రంగు అంటితే అనుమానించండి.

ధర తెలుసుకోవడానికి అమ్మేవారు అడిగే రేటు చూడకండి. పాత వేలాల్లో అదే రకం, అదే స్థితిలో ఉన్నది నిజంగా ఎంత పలికిందో చూడండి. కనీసం నాలుగైదు ఉదాహరణలు పోల్చండి. పలికిన ధర మీద వేలం సంస్థ రుసుము, పార్సిల్, కస్టమ్స్ కూడా కలుస్తాయి. రకం గుర్తించడానికి డేవిడ్ హెండిన్ ‘గైడ్ టు బిబ్లికల్ కాయిన్స్’, యాకోవ్ మెషోరెర్ ‘ఎ ట్రెజరీ ఆఫ్ జ్యూయిష్ కాయిన్స్’ పుస్తకాలు ప్రామాణికం. పేరున్న వ్యాపారులు వీటిలోని నంబరు రాసే అమ్ముతారు. ఆ నంబరు చెప్పలేనివారి దగ్గర పెద్ద మొత్తం పెట్టకపోవడం మంచిది.

పుట్టుపూర్వోత్తరాలు

అయిదో కారణాన్ని చివరికి ఉంచడం దాని బరువు తెలియాలనే. మొదటి తిరుగుబాటు షెకెళ్లను 19వ శతాబ్దపు పండితులు చాలామంది రెండు వందల ఏళ్లు ముందటివని, సైమన్ మక్కబీ కొట్టించాడని అనుకున్నారు. నాణేలు చేతిలో ఉన్నాయి, కానీ ఏ మట్టిపొరలోవో తెలియదు. తవ్వకాల్లో ఇతర వస్తువులతో పాటు దొరికాకే అవి తిరుగుబాటు కాలానివని తిరుగులేకుండా తేలింది. 1963–65 మధ్య మసాడా కోటలో జరిగిన తవ్వకాల్లో అరుదైన అయిదో ఏడాది షెకెళ్లు కూడా బయటపడ్డాయి. రాత్రిపూట దొంగతనంగా తవ్విన నాణేనికి ఈ సాక్ష్యం ఉండదు. నాణెం మిగులుతుంది, కథ పోతుంది.

డబ్బూ పోవచ్చు. నాలుగో ఏడాది పావు షెకెల్ ఒకటి ఇజ్రాయెల్‌లో అక్రమంగా తవ్వి దేశం దాటించినది. అమెరికాలో వేలానికి రాగా అధికారులు 2017లో స్వాధీనం చేసుకున్నారు. 2022లో దాన్ని ఇజ్రాయెల్‌కు తిరిగి ఇచ్చారు. దాని విలువ పది లక్షల డాలర్లకు పైనే అని అంచనా. అంతటి నాణేన్నీ సరైన కాగితం లేకపోవడమే ముంచింది.

ఇజ్రాయెల్‌లో 1978 చట్టం ప్రకారం క్రీ.శ. 1700కు ముందు మనిషి చేసిన ప్రతి వస్తువూ పురావస్తువే. లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనాలి, దేశం దాటించడానికి అక్కడి పురావస్తు శాఖ అనుమతి పత్రం ఉండాలి. యాత్రకు వెళ్లేవారికి ఈ ఒక్క మాట చెప్పి పంపండి. రోడ్డుపక్క జేబులోంచి తీసి చూపించేది నకిలీ అయితే డబ్బు దండగ, అసలుదైతే నేరం. మన దేశంలోనూ 1972 చట్టం వందేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగానే చూస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడం నిషిద్ధం. ‘నచ్చకపోతే తిప్పి పంపండి’ అన్న హామీని నమ్మే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మన నేల మీద, మన తరగతిలో

ఈ కథ తెలుగునేలను తాకే చోటు ఒకటుంది. కైసరుకు చెల్లించే పన్ను గురించిన సువార్త ఘట్టంలో చూపిన నాణెం తిబెరి వెండి దినారమని సేకర్తలు చాలామంది భావిస్తారు. ఆ చక్రవర్తి దినారాలు రోమ్ వర్తకంతో మన తీరానికీ వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన నిధిలో అగస్టస్, తిబెరి కాలపు వెండి నాణేలు 1500కు పైగా ఉన్నాయి. యూదయలో చెలామణి అయిన డబ్బే మిరియాలు, బట్టల బేరంలో ఈ దేశానికీ చేరింది. రెండు భాషల నాణేలూ మనకు కొత్త కాదు. శాతవాహన రాజుల వెండి నాణేలపై ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ద్రావిడ భాష ఉన్నాయి.

పొలంలోనో పునాదిలోనో పాత నాణేలు దొరికితే పంచుకోవడం, కరిగించడం కుదరదని పిల్లలకు ఇప్పుడే చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

బడిలో దీన్ని పాఠంగా చేయడానికి నాణెం కొననక్కర్లేదు. బ్రిటిష్ మ్యూజియం, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ తమ నాణేల ఫొటోలు ఉచితంగా చూపిస్తున్నాయి. ఒక షెకెల్ ఫొటో పెద్దగా అచ్చుతీసి, పక్కన 22 అక్షరాల పట్టిక పెట్టండి. ఏ ఏడాదిదో పిల్లలే తేల్చాలి. దగ్గరలోని మ్యూజియానికి తీసుకెళితే నాణేల గది వదలకండి. చెన్నై ఎగ్మూరులో, భువనేశ్వర్‌లో, హైదరాబాద్‌లో ప్రభుత్వ మ్యూజియాలు, ముంబైలో రిజర్వు బ్యాంకు మ్యూజియం ఇందుకు బాగుంటాయి.

ఆ తర్వాత జేబులోని నోటు తీయించండి. వెనకవైపు పదిహేను భాషల పట్టీలో తెలుగు ఎక్కడుందో వెతకమనండి. ఏ రాష్ట్రంలో ఖర్చుపెట్టినా ఆ వరుస అలాగే ఉంటుంది. దాన్ని చదవగలిగిన పిల్లవాడికి, దూరదేశంలో ఒక చిన్న జాతి తన పాత అక్షరాలను కంచు మీద ఎందుకు కొట్టించుకుందో వేరే వివరించాల్సిన పని ఉండదు.

సేకరణ అప్పుడు మొదలుపెట్టవచ్చు. మొదటి నాణెం చవకదే కానివ్వండి. కాగితం ఉన్నదీ, చదవగలిగినదీ అయితే చాలు.